వినబడకూడని సంగీతమట!

క్రిందటి ఆదివారం సాయంత్రం మా ఇంట్లో నలుగురం కూర్చుని 'చైనాటౌన్' చూశాము. చివరి దృశ్యం ముగిసింది, వీధి చీకటిలోకి జారిపోయింది, ఒంటరి ట్రంపెట్ మళ్ళీ మొదలయింది. రెండు గంటలుగా నేను కాచుకొని కూర్చున్నది ఆ ట్రంపెట్ కోసమే. సరిగ్గా అప్పుడే మా మిత్రులొకరు లేచి లైటు వేశారు. సాహిత్యం లోతుగా చదివినవారు, కర్ణాటక సంగీతంలో మంచి అభినివేశం ఉన్నవారు. (ఏమీ తెలియనివారైతే ఈ టపా రాసే అవసరమే ఉండేది కాదు.) లైటు వేసి, "సంగీతం చాలా బాగుందండీ, అసలు ఉన్నట్టే తెలియలేదు!" అన్నారు.

నేను తెల్లబోయి చూస్తే, "నేపథ్య సంగీతమంటే అంతే కదండీ, మంచిదైతే వినబడకూడదు" అని కూడా సెలవిచ్చారు. మిగిలిన ఇద్దరూ తలలూపారు. గృహస్థుణ్ణి, వచ్చినవారితో వాదించకూడదు కనుక టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయాను. అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు చెబుతున్నాను.

ఈ 'వినబడకూడదు' అన్న సూత్రం మా మిత్రుని సొంతం కాదు. సినిమా గురించి రాసే ప్రతివారి నోటా నలిగినదే. వినడానికి ఎంతో వినయంగా, ఎంతో పరిణతిగా ఉంటుంది. నిజానికి అది చెవిని పనిలోకి రానివ్వని సోమరితనానికి తొడిగిన పట్టుబట్ట. ఛాయాగ్రహణం కనబడకూడదు అని ఎవరైనా అంటారా? మంచి కవిత్వంలో ఛందస్సు వినబడకూడదు అంటే మా మిత్రులే కర్ర పుచ్చుకుంటారు.

అసలు 'నేపథ్యం' అన్న మాటనే తీసుకుందాం. సంస్కృత నాటకంలో నేపథ్యం అంటే తెర వెనుక చోటు, వేషాలు కట్టుకునే చోటు. అక్కడనుంచి వచ్చే మాట వినబడకూడనిదా? శాకుంతలం నాలుగవ అంకం గుర్తు చేసుకోండి. దుర్వాసుడు రంగస్థలం మీదికి రాడు. ఆయన శాపం వచ్చేది నేపథ్యంలోనుంచే. నాటకం మొత్తాన్ని మలుపు తిప్పిన ఆ మాటను చెలికత్తెలు విన్నారు, ప్రేక్షకులు విన్నారు. విననిది శకుంతల ఒక్కతే. వినకపోవడం వల్ల ఆమెకేమయిందో మిగిలిన అంకాలు చెబుతాయి. నేపథ్యంలో ఏం జరిగినా మనకెందుకనే రసికులు తాము ఎవరి పక్కన నిలబడుతున్నారో చూసుకోవాలి.

అంతకు ముందటి మాట మరొకటి ఉంది. భరతుడు నాట్యశాస్త్రంలో ధ్రువాగానానికి ఏకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. పాత్ర ప్రవేశించేటప్పుడు ప్రావేశికి, నిష్క్రమించేటప్పుడు నైష్క్రామికి, నడుస్తున్న భావాన్ని హఠాత్తుగా విరిచి మరొక భావంలోకి నెట్టడానికి ఆక్షేపికి, చెదిరిన మనసును తేర్చడానికి ప్రాసాదికి, పాత్ర తొట్రుపడినప్పుడో వేషం సర్దుకోవలసి వచ్చినప్పుడో ఆ సందు పూడ్చడానికి ఆంతర. ఐదు రకాలు. ఇవాళ ఏ దేశపు చిత్రానికి సంగీతం కూర్చేవాడైనా చేసే పని ఈ ఐదింటిలో ఎక్కడో ఒకచోట పడుతుంది. వింటే తప్ప పనిచేయని సంగీతమది. దాన్ని వినబడకుండా వాయించమని భరతుడు చెప్పలేదు.

సరే, మన శాస్త్రాలు పక్కన పెట్టి ఆ సంగీతం పుట్టినచోటికే వెళదాం. సినిమా సంగీతం వినబడుతుందని, మనసు మీద పనిచేస్తుందని అమెరికాలో అందరికన్నా బాగా గుర్తించినవారు విమర్శకులు కారు, నీతిరక్షకులు! 1951లో ఎలియా కజాన్ తీసిన 'ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్'కు ఆలెక్స్ నార్త్ సంగీతం సమకూర్చాడు. అప్పటి హాలీవుడ్‌లో పెద్ద చిత్రమంటే ఐరోపా పందొమ్మిదవ శతాబ్దపు పద్ధతిలో తంత్రీవాద్యాల వెల్లువ. నార్త్ ఆ వెల్లువను ఆపి, కథ జరిగే న్యూ ఆర్లియన్స్ ఊరి సంగీతాన్ని, అంటే జాజ్‌ను, ఆర్కెస్ట్రా లోపలికి తెచ్చాడు. అలంకారానికి తెచ్చినది కాదు, పాత్రల నరాల్లోకి తెచ్చినది. భర్త కొడితే పై వాటాలోకి పారిపోయిన స్టెల్లా, అతను కిందనుంచి అరిచి ఏడిస్తే మెట్లు దిగి వస్తుంది కదా, అక్కడ నార్త్ రాసిన సంగీతంలో క్షమ ఉండదు, కామం ఉంటుంది. క్యాథలిక్ నీతిసంఘం లీజన్ ఆఫ్ డీసెన్సీ అభ్యంతరపెట్టింది. కొన్ని షాట్లతో పాటు ఆ సంగీతం కూడా పోయి, దాని స్థానంలో సౌమ్యమైనది వచ్చింది. అసలుది మళ్ళీ తెరకెక్కడానికి 1993 దాకా ఆగవలసి వచ్చింది.

ఆలోచించండి. అక్కడ మాట మారలేదు. మార్లన్ బ్రాండో మారలేదు. స్టెల్లా ఆ మెట్లే దిగింది. స్వరాలు మారేసరికి ఆమె ఎందుకు దిగి వస్తున్నదో మారిపోయింది. కాముకి కాస్తా క్షమాశీల అయింది. వినబడకూడని సంగీతమైతే కత్తెర పట్టుకున్నవాడికి అంత భయమెందుకు? నాకు ఆ సంఘంతో ఏ విషయంలోనూ ఏకీభావం లేదు కానీ, వాళ్ళ చెవులకు మాత్రం నమస్కారం పెడతాను.

ఇక్కడ నా పక్షంలోని లోపం కూడా ఒప్పుకోవాలి. జాజ్‌కూ పాపానికీ ముడి వేసినదీ సినిమానే. 1955లో 'ది మ్యాన్ విత్ ది గోల్డెన్ ఆర్మ్'కు ఎల్మర్ బెర్న్‌స్టైన్ రాసిన సంగీతం గొప్పదే. కథానాయకుడు మత్తుమందుకు బానిస, డ్రమ్ములు వాయించాలని కలలు కనేవాడు, కనుక జాజ్ అక్కడ న్యాయంగానే వచ్చింది. కానీ తరువాత వచ్చినవారు న్యాయం వదిలేసి ముడి మాత్రం పట్టుకున్నారు. హత్య జరిగితే శాక్సొఫోన్, సిగరెట్టు వెలిగితే శాక్సొఫోన్. మన తెలుగు సినిమాలు వెనకబడ్డాయా? దశాబ్దాల పాటు శాక్సొఫోన్ మోగిందంటే క్లబ్బులో నృత్యతార దిగినట్టే. పాపం ఆ వాద్యం! అదే వాద్యాన్ని కద్రి గోపాల్‌నాథ్ చేతబట్టి త్యాగరాజ కీర్తన వాయిస్తే సభలో ఎవరికీ క్లబ్బు గుర్తుకు రాలేదు. తప్పు ఇత్తడి గొట్టానిది కాదు, దానికి ఒకే వేషం కట్టినవారిది.

ఆ ముడిని విప్పినవాడు కూడా జాజ్‌వాడే. 1959లో ఆటో ప్రెమింజర్ 'అనాటమీ ఆఫ్ ఎ మర్డర్' తీస్తూ డ్యూక్ ఎలింగ్టన్‌ను పిలిచాడు. ఒక పెద్ద హాలీవుడ్ చిత్రానికి నల్లజాతి స్వరకర్త సంగీతం కూర్చిన తొలి సందర్భాలలో అదొకటి. బిల్లీ స్ట్రేహార్న్ ఎప్పటిలాగే ఆయనకు కుడిభుజం. కథ జరిగేది మిచిగన్ రాష్ట్రంలో ఉత్తరాన, అడవులూ చేపలూ ఉన్న చిన్న ఊళ్ళో. జేమ్స్ స్టూవర్ట్ వేసిన న్యాయవాది ఇంట్లో తీరిక దొరికితే పియానో ముందు కూర్చుని జాజ్ వాయించుకుంటాడు. ఇక్కడ జాజ్ నేరస్థుడి గుర్తు కాదు, న్యాయవాది బుద్ధి నడిచే తీరు. ఒక మాట పట్టుకొని, వదిలి, పక్కనుంచి వచ్చి మళ్ళీ పట్టుకోవడం. కేసులో నిజమేమిటో చివరికి ఎవరికీ పూర్తిగా తెలియదు, సంగీతం కూడా తెలిసినట్టు నటించదు. ఆ ఏడాది రికార్డులకిచ్చే గ్రామీలు మూడు ఆ సంగీతానికి వచ్చాయి. ఆస్కార్‌వారు ఆ చిత్రానికి ఏడు నామినేషన్లు ఇచ్చారు. వాటిలో సంగీతం లేదు. వారికి వినబడలేదు కాబోలు!

ఇప్పుడు ఎదుటి పక్షంలో రెండవ దళం వస్తుంది. వీరు జాజ్ ప్రియులు. "జాజ్ అంటే ఆశువు, ముందే కాగితం మీద రాసి గడియారంతో కొలిచి వాయిస్తే అది జాజ్ ఎలా అవుతుంది?" అంటారు. ఈ ప్రశ్నలో కొంత పస ఉంది. సినిమా ఫిలిం క్షణానికి 24 ఫ్రేములు నడుస్తుంది. పన్నెండు ఫ్రేములకొక టిక్కు పెడితే నిమిషానికి 120 దెబ్బల లయ. ఆ టిక్కులు వాద్యగాళ్ళ చెవుల్లో పడుతుండగా, తలుపు తెరుచుకునే ఫ్రేముకు సరిగ్గా స్వరం తగలాలి. జాజ్ ప్రాణమంతా దెబ్బకు వెంట్రుకవాసి వెనకగానో ముందుగానో ఊగడంలో ఉంటుంది. ఉరితాడు మెడకు తగిలించి ఉయ్యాల ఊగమన్నట్టు!

దీనికి ఒక్క రాత్రిలో ఒక జవాబు దొరికింది. 1957 డిసెంబరు 4, ప్యారిస్. లూయీ మాల్ తన తొలి కథాచిత్రంలోని ఘట్టాలను మళ్ళీ మళ్ళీ తెరమీద తిప్పించాడు. ముప్ఫయ్యొక్కేళ్ళ మైల్స్ డేవిస్, మరో నలుగురు వాద్యగాళ్ళు వాటిని చూస్తూ వాయించారు. చేతిలో ఉన్నవి కొద్దిపాటి స్వరసంపుటుల సూచనలే. 'అసాన్సర్ పూర్ లెషాఫో'లో జాన్ మొరో రాత్రి వీధుల్లో ప్రియుడి కోసం తిరుగుతుంటే వెంట నడిచే ట్రంపెట్ అలా పుట్టింది. టిక్కులు లేవు. ఆమె అడుగులే లయ.

అయితే ఆ రాత్రిని చూపి, రాసిన జాజ్ అంతా నకిలీ అనడం చాటుపద్యం చూపి మహాప్రబంధాన్ని కొట్టివేయడం వంటిది. ఆశువు ఒక విద్య, నిర్మాణం ఒక విద్య. హెన్రీ మాన్సినీ 1958లో 'పీటర్ గన్'కు రాసిన సంగీతంలో కింద గిటారూ పియానో ఒకే చిన్న మెట్టును వదలక తిరుగుతుంటాయి, పైన ఇత్తడి వాద్యాలు విరుచుకుపడతాయి. (ఆ పియానో ముందు కూర్చున్న కుర్రవాడు తరువాత 'స్టార్ వార్స్' రాసిన జాన్ విలియమ్స్!) రాసినదే, గీసినదే. అయినా రక్తం లేదని ఎవరనగలరు?

నన్నడిగితే, ఈ రెండు విద్యలూ కలిసిన చోటు 'చైనాటౌన్'. మా మిత్రులకు వినబడని ఆ సంగీతం గురించి కాస్త తీరికగా చెప్పనివ్వండి.

1974. ఫిలిప్ లాంబ్రో అనే స్వరకర్త అప్పటికే ఆ చిత్రానికి సంగీతం పూర్తి చేశాడు. దాన్ని పక్కనబెట్టారు. విడుదల ముంచుకొస్తుంటే జెర్రీ గోల్డ్‌స్మిత్‌ను పిలిచారు. చేతిలో ఉన్నది పది రోజులు. కథాకాలం 1937, ఊరు లాస్ ఏంజిలస్. మరొకరైతే ఆనాటి నృత్యబృందాన్ని అనుకరించి ఊరుకునేవారు. గోల్డ్‌స్మిత్ ఏం కోరాడో చూడండి: నాలుగు పియానోలు, నాలుగు హార్పులు, తాళవాద్యాలకు ఇద్దరు, తంత్రీవాద్యాలు, ఒకే ఒక్క ట్రంపెట్. ఇంకే ఊదే వాద్యమూ లేదు. ఇలాంటి బృందం అంతకుముందు ఎవరి ఊహలోనైనా ఉందా అని నాకు సందేహమే.

యువాన్ రేసీ వాయించిన ఆ ట్రంపెట్ ఒక్కటే 1937 నాటిది. పాత ప్రేమపాటలా వంగుతుంది, జారుతుంది. మిగిలినవన్నీ 1974 నాటి ఆధునిక సంగీతం. పియానో మూత ఎత్తి లోపలి తీగలను మీటుతారు, గీకుతారు. హార్పులు చుక్కలు చుక్కలుగా రాలుతాయి. కథేమిటి? ఎండిన ఊరు, దొంగిలించిన నీళ్ళు. డిటెక్టివు గిటీస్ ఎండిన నదీగర్భం చుట్టూ మనిషిని వెంబడించేటప్పుడు మాటలు లేవు. ఎక్కడో ఒక తీగ గీరుకుంటుంది, ఒక చుక్క పడుతుంది, మళ్ళీ ఏమీ ఉండదు. నీటికరువును వాద్యగోష్ఠిలోనే పెట్టాడు మహానుభావుడు! ట్రంపెట్టేమో ఈ ఎండలో ఎవరో ఎప్పుడో చేసి నిలబెట్టుకోలేకపోయిన వాగ్దానం. రెండు గంటల పది నిమిషాల చిత్రంలో మొత్తం సంగీతం అరగంటకు మించదు. అందుకే చివర ట్రంపెట్ తిరిగి వచ్చినప్పుడు లైటు వేయకూడదు.

"చూశారా, అరగంటేనా? తక్కువ ఉండటమే మంచిదని మీరే ఒప్పుకున్నారు" అని మిత్రులు అందుకుంటారని తెలుసు. తక్కువ ఉండటం వేరు, వినబడకపోవడం వేరు. నిశ్శబ్దాన్ని కూడా స్వరకర్తే రాస్తాడు. 1968 నాటి 'బుల్లిట్' చూసినవారిని కార్ల వెంటాట దృశ్యానికి సంగీతమెలా ఉందని అడగండి, అద్భుతమంటారు. అక్కడ సంగీతం లేదు! లాలో షిఫ్రిన్ వెంటాటకు ముందు రెండు కార్లూ ఒకదాన్నొకటి వాసన చూసుకుంటున్నంత సేపూ జాజ్ బిగువుతో తాడు పేని, అసలు పరుగు మొదలయిన క్షణాన చేయి వదిలేశాడు. ఆ తరువాత ఇంజన్లూ టైర్లే. ముందు బిగించకపోతే ఆ చప్పుడు ఉత్త చప్పుడే అయ్యేది. షిఫ్రిన్ ప్యారిస్‌లో మెసియాన్ దగ్గర చదువుకొని, డిజ్జీ గిలెస్పీ బృందంలో పియానో వాయించినవాడు. 'మిషన్ ఇంపాసిబుల్'కు 1966లో ఆయన రాసిన వరుసను మూడు, మూడు, రెండు, రెండుగా చేతిమీద లెక్కపెట్టి చూడండి, పది అక్షరాలు. ఖండగతి తెలిసిన చెవికి అది మేనత్త కొడుకే. 2025 జూన్‌లో ఆయన పోయాడు. పత్రికలన్నీ ఆ ఒక్క వరుసనే తలుచుకున్నాయి.

ఇక మన ఇంటి సంగతి. 2023 మార్చిలో 'ఆర్ఆర్ఆర్' పాటకు ఆస్కార్ వస్తే ఊరూవాడా పండగ చేసుకున్నాం, చేసుకోవలసిందే. అదే ఏడాది ఆగస్టులో ప్రకటించిన జాతీయ పురస్కారాల్లో అదే చిత్రానికి అదే కీరవాణికి నేపథ్య సంగీతానికి పురస్కారం వచ్చింది. ఈ రెండవ సంగతి మీ ఇంట్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. మన సమీక్షల్లో పాటకు ఒక పేరా, నేపథ్య సంగీతానికి 'బాగుంది', 'మరీ గోలగా ఉంది', ఈ రెంటిలో ఒక మాట. ఇళయరాజా రీలు ఒకసారి చూసి, వాద్యం ముట్టకుండా, అందరి భాగాలూ నేరుగా కాగితం మీద పెట్టేవారని చెప్పుకొని ఆశ్చర్యపోతాం. ఆ కాగితం మీద ఏముందని మాత్రం అడగం. ఆశ్చర్యపోవడం వినడానికి బదులు కాదు.

బొంబాయిలో గోవా వాద్యగాళ్ళు, అంటే పగలు స్టూడియోలో, రాత్రి హోటల్లో జాజ్ వాయించినవారు, హిందీ సినిమాకు ఆర్కెస్ట్రా రాయడం నేర్పారు. శంకర్ జైకిషన్‌కు అన్నేళ్ళు వాద్యగోష్ఠి రాసిన సెబాస్టియన్ డిసౌజా పేరు తెరమీద సహాయకుల వరుసలో పడేది. ఆంథొనీ గొన్సాల్వెజ్ 1958లోనే భారతీయ రాగాలతో సింఫనీ బృందాన్ని నిలబెట్టాలని చూసినవాడు. దేశానికి ఆయన పేరు తెలిసింది 1977లో శిష్యుడు ప్యారేలాల్ పుణ్యమా అని, ఒక హాస్యగీతంలో.

'వినబడకూడదు' అన్న మాటను నేను వేళాకోళంగా తీసుకోలేకపోవడానికి కారణం ఇదే. వినబడకూడనిదాన్ని దాచిపెట్టాలని ఎవరికీ అనిపించదు. అమెరికాలో ఎమ్జీఎమ్ సంస్థ 1970 ప్రాంతంలో తన దశాబ్దాల సంగీత ప్రతులను చెత్తతో పాటు పాతిపెట్టించింది. తరువాత జాన్ విల్సన్ అనే ఇంగ్లీషాయన ఆ చిత్రాలు వింటూ, చెవితో పట్టుకొని, ఒక్కొక్క వాద్యం భాగమూ మళ్ళీ రాసుకోవలసి వచ్చింది.

మా పెదనాన్న మద్రాసులో రీరికార్డింగులకు వయొలిన్ వాయించేవాడు. రెండవ వయొలిన్లలో వెనక వరుస. ఏ చిత్రంలోనూ ఆయన పేరు లేదు. ఆయన పోయాక పెట్టె సర్దుతుంటే పంచెల అడుగున నాలుగు కాగితాలు దొరికాయి. పాశ్చాత్య స్వరలిపిలో చేత్తో రాసినవి. చిత్రం పేరు లేదు, స్వరకర్త పేరు లేదు. ఒకదాని మీద 'రీలు 7, బిట్ 3' అని మాత్రం ఉంది. ఇరవైనాలుగు బార్లు ఖాళీ, ఆ తరువాత నాలుగు స్వరాలు, మళ్ళీ పదకొండు బార్లు ఖాళీ. స్వరాల పక్కన పెదనాన్న పెన్సిలుతో 'నెమ్మది' అని రాసుకున్నాడు. స్వరలిపి తెలిసిన మిత్రుడొకరు ఆ నాలుగూ వాయించి వినిపించారు. ఏడవ మెట్టు కోమలమై కొంచెం దిగులుగా, జాజ్ వాసనగా ఉన్నాయి. ఏ సినిమాయో, ఎవరు ఏడుస్తుంటేనో, ఎవరు రైలెక్కుతుంటేనో తెలియదు. అప్పటినుంచి పాత తెలుగు సినిమా ఏది వచ్చినా ఏడవ రీలు దగ్గర, అంటే ఇంచుమించు గంట దాటాక, చెవులు రిక్కించి కూర్చుంటున్నాను. ఇంకా దొరకలేదు.

ఈ ఆదివారం 'చైనాటౌన్' మళ్ళీ పెడుతున్నాను. మిత్రులకు ఫోన్ చేసి చెప్పాను, వస్తామన్నారు. లైటు స్విచ్చి పక్కన మాత్రం ఈసారి నేనే కూర్చుంటాను.